పసుపు, బిళ్ళగన్నేరు, బ్లడ్ క్యాన్సర్ వార్తల గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

పసుపుల ఉండే కర్క్యుమిన్ బ్లడ్ క్యాన్సర్ కణాలను చంపేస్తదని ఈ మధ్య పేపర్లల్ల, వాట్సాప్‌ల వార్తలు బాగ తిరుగుతున్నయ్. నిజామాబాద్, జగిత్యాల, మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ దాకా పసుపు మీద బతికేటోళ్లు ఎంతమందో ఉన్నరు కాబట్టి మనకు ఇంకింత సంబురమైతది. ఆ వార్త అబద్ధం కాదు, ల్యాబ్‌ల గాజు పళ్లెంల లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, కణాల మీద కర్క్యుమిన్ వేస్తే చచ్చిపోతయ్, చాలాసార్లు చూసిన్రు. కానీ పసుపుల కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్లు అటూ ఇటూ, అది గూడ పేగుల నుంచి రక్తంలకి సరిగ ఎక్కదు, ఎక్కిన కొంచెం లివర్ వెంటనే మార్చి బయటకు పంపేస్తది. రోజుకు 8 గ్రాముల కర్క్యుమిన్ మింగినోళ్ల రక్తంల కూడా చాలా తక్కువే దొరికింది. పళ్లెంల పనిచేసిన డోసు ఒంట్లకి చేరకపోతే ఏం లాభం చెప్పండి.

మొక్కల నుంచి మందు రాదని నేననట్లేదు. మన వాకిళ్లల్ల పూసే బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టీన్ వచ్చింది, అమెరికాల 1963ల పర్మిషన్ ఇచ్చిన్రు, ఇప్పటికీ పిల్లల లుకేమియా కీమోల అది ముఖ్యమైన మందు. కణం రెండుగ చీలేటప్పుడు లోపల సన్న దారాలు కట్టుకుంటది, ఈ మందు వాటిని కట్టుకోనీయదు, దాంతోని కణం అక్కడే ఆగి చస్తది. కానీ ఒక్క గ్రాము తియ్యాలంటే వందల కిలోల ఎండుటాకు కావాలె. డోసు మిల్లీగ్రాముల్ల లెక్క, నరంలకే ఎక్కియ్యాలె, పొరపాటున వెన్నులకి ఎక్కిస్తే ప్రాణం పోతది.

అసొంటి ఆకును మా వాడకట్టుల ఒకింట్ల పిలగానికి పరిగడుపున కషాయం కాచి తాగిపిస్తున్నరు, తల్లి పొద్దున్నే ఇంటింటికి తిరిగి ఆకు తెంపుకొస్తది, కీమోకు పోవుడు బంద్ చేసిన్రు. నడుమ కీమో ఆపితే మిగిలిన కణాలు మళ్ల లేస్తయ్, అప్పుడు పాత మందులకు లొంగుడు కష్టం. ఆ తల్లిని తప్పుపట్టబుద్ధి కాదు నాకు, ఆమె చూసింది హెడ్డింగే కదా. ఇంకొందరు మామూలు గన్నేరునే తెంపుతరేమో అని నా భయం, అది గుండెను ఆపే విషం.

అందుకే అడుగుతున్న, ఇసొంటి వార్త వేసినప్పుడు పరీక్ష పళ్లెంల కణాల మీద చేసిన్రా, ఎలుకల మీదనా, మనుషుల మీదనా అన్నది హెడ్డింగ్‌లనే పెట్టండి. దాని కిందనే లుకేమియాకు ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌ల ట్రీట్‌మెంట్ ఉందని, ఏ కాగితాలు పట్టుకొని పోవాలెనో కూడా రాయండి.

మీ పాఠకుడు,
హన్మకొండ