షూబిల్‌ను చూడబోతున్న లావణ్యకు

చిరంజీవి లావణ్యకు అమ్మ ఆశీస్సులు.

ఉగాదినాడు మాట్లాడావు, మళ్ళీ నీ గొంతు వినలేదు. రాజేశ్వరి పిన్ని ఏదో అంది గానీ, నేను రాసేది ఆ సంగతి కాదు. టోక్యో ఉయెనో జూలో షూబిల్ పక్షిని చూస్తానన్నావుగా, దాని గురించి.

సోమవారం వెళ్ళకు, మూసేస్తారు. ఆ సోమవారం పండగ సెలవైతే మర్నాడు మూత. మిగతా రోజుల్లో తొమ్మిదిన్నరకు తెరుస్తారు, సాయంత్రం నాలుగు దాటితే లోపలికి వదలరు. పక్షి ఉండేది పడమటి వైపు కనుక చెరువు పక్కనున్న బెంతెన్ గేటు నుంచి వెళ్ళు, నడక తగ్గుతుంది. వారం మధ్యలో జనం పలచగా ఉంటారు. నీకిప్పుడు వారం మధ్యలో తీరికేనా? పిన్ని మాట విన్నప్పటి నుంచి నాకదే ఆలోచన.

టిఫిన్ చేయకుండా బయల్దేరకు. అక్కడ కనీసం గంటైనా నిలబడాలి. నాలుగడుగుల పక్షి, జానెడు ముక్కు, చూడగానే బొమ్మేమో అనిపిస్తుంది. మన నేలపట్టు గూడబాతులకు దగ్గర చుట్టమే. దాని సొంత చోటు దక్షిణ సూడాన్ నుంచి జాంబియా దాకా ఉన్న జమ్ము చిత్తడులు. ఆ నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ, అందుకే లంగ్‌ఫిష్ అనే చేప ఊపిరికి పైకి రాక తప్పదు. షూబిల్ కాలు కదపకుండా దానికోసం కాచుకుంటుంది. అడుగు వేస్తే నీళ్ళు కదిలి చేప బెదురుతుంది. చేప తేలగానే రెక్కలు విప్పి ఒళ్ళంతా ముందుకు పడేస్తుంది. చేపతోపాటు బురదా గడ్డీ నోట్లోకొస్తాయి. తల అటూ ఇటూ విదిలించి గడ్డి జారవిడిచి, పదునైన ముక్కు అంచుతో చేప తల తెంపి మింగుతుంది. గురి తప్పితే వెంటనే రెండో వేటు పడదు. లేచి, రెక్కలు సర్దుకుని, కుదురుకోవడానికే కాసేపు పడుతుంది. నువ్వు కూడా ఏదీ తొందరపడి తేల్చేసుకోకు. అద్దె, వీసా గడువు ముందు చూసుకో. రాత్రిళ్ళు మేలుకోకు. అన్నం మానకు.

తల వంచి ముక్కు టకటకలాడిస్తే అది పలకరింపు, భయపడకు. ఫ్లాష్ వద్దు. వలకు ఫోన్ బాగా దగ్గరగా పెట్టి తీస్తే తీగలు కనబడవు. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది, బతికేది దాదాపు ఒక్క పిల్లే. ఎండ ముదిరితే తల్లీ తండ్రీ ముక్కుతో నీళ్ళు తెచ్చి గుడ్ల మీద పోస్తాయి. జూలలో పిల్లలు కావడం ఎంత అరుదంటే, 2008లో బెల్జియంలోనూ 2009లో అమెరికాలోని టాంపాలోనూ పుట్టిన పిల్లల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఉద్యోగం మానేశావని పిన్ని అంది. నిజమైతే నాన్నకు నేను చెబుతాను. నాకు మాత్రం నువ్వే చెప్పాలి.

అమ్మ