చిన్నమ్మాయికి, రిపోర్టు సంగతి

కొండపి

చిట్టితల్లీ,

నా ఎండోస్కోపీ రిపోర్టు ఫోటో పంపినప్పట్నుంచి ఫోన్లో నీ ఏడుపు, ఇక్కడ మీ అమ్మ ఏడుపు. నన్ను మాట్లాడనిస్తేగా! అందుకే ఉత్తరం రాస్తున్నాను.

అందులో నాకున్నట్టు రాసిన బ్యారెట్స్ అంటే క్యాన్సర్ కాదమ్మా. ఒంగోల్లో డాక్టరు గారు ఎండోస్కోపీ బొమ్మలు చూపించారు. అన్నవాహిక పైనంతా లేత గులాబీ రంగులో నున్నగా ఉంది. కింద, కడుపుతో కలిసేచోట మాత్రం ఎర్రటి నాలుకల్లాగా పైకి పాకి ఉంది. ఏళ్ల తరబడి యాసిడ్ ఎగదన్నుతుంటే అక్కడి పొర తట్టుకోలేక, ఆ చోట పేగుల్లో ఉండే రకం పొర పుట్టుకొస్తుందట. 1950లో దీని గురించి రాసిన బ్యారెట్ అనే సర్జన్ కూడా మొదట అది పైకి సాగిన కడుపే అనుకున్నాడు. అంతటాయనే పొరబడ్డాడు, నువ్వు గూగుల్ చూసి హడలిపోవడంలో వింతేముందిలే.

ఆ పొర ముక్క తీసి చేసిన పరీక్షలో డిస్‌ప్లేసియా లేదని వచ్చింది, చివరి లైను చూడు. కణాలు దారితప్పడం మొదలైతే దాన్నలా అంటారు. అది లేనివాళ్లలో ఏడాదికి వందమందిలో ఒక్కరికి కూడా క్యాన్సర్ రాదు. రేపు మొదలైనా ముందే దొరికితే, గొట్టం దించి ఆ పొరను కాల్చేయొచ్చు, లేదంటే కోసి తీసేయొచ్చు. మూడేళ్లకు మళ్లీ రమ్మన్నది అందుకే. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ కొత్త పొరకు మంట అంతగా తెలియదు. జబ్బు పోయిందనుకుని జనం మందూ మానేస్తారు, చెకప్పూ మానేస్తారు.

పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీద బతికినవాళ్లం కదా, అదీ అడిగాను. పొగ దీనికీ చేటే. మన దేశంలో ఎక్కువగా వచ్చే అన్నవాహిక క్యాన్సర్ ఇంకో రకమట, దానికైతే పొగాకు, తాగుడు పెద్ద కారణాలు. చుట్ట మానేశాను. మీ అమ్మ నమ్మదు, రోజూ చొక్కా జేబులు తడుముతుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించింది. రాత్రి ఏడింటికల్లా అన్నం పెట్టేస్తుంది. చేపల పులుసు మధ్యాహ్నమే, అదీ రెండు ముక్కలు.

నీకు ఊరికే ఉండబుద్ధి కాకపోతే ఒక పని చెయ్యి. మీ పెదనాన్నకు ఫోన్ చెయ్యి. అరవై దాటాయి, పొట్ట, చుట్ట, ఇరవై ఏళ్లుగా గుండెల్లో మంట, పైగా ఇప్పుడు సొంత తమ్ముడికే ఇది బయటపడింది. ఈమధ్య ముద్ద దిగడం లేదని ప్రతి ముద్దకీ నీళ్లు తాగుతున్నాడు. అది మూడేళ్లు ఆగే సంగతి కాదు. నేను చెబితే కసురుకుంటాడు, నీ మాటైతే కాదనడు. ఈ వారంలోనే ఒప్పించు, ఒంగోలు నేను తీసుకెళ్తాను.

మీ నాన్న