గుదియ పట్టిన కుమ్మరి

అమ్మడూ,

నువ్వు బరోడా నుంచి పంపిన ప్రదర్శన ఆహ్వానపత్రం సోమవారం అందింది. మీ అమ్మ చూసిన వెంటనే దేవుడి గూట్లో పెట్టేసింది. మీ అత్త మాత్రం అందులో ఉన్న నీ మట్టి శిల్పం ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇందులో నీళ్ళు నిలుస్తాయా?" అని అడిగింది. నేను సాయంత్రం గూట్లోంచి తీసి మళ్ళీ చదివాను. నీ గురించి నాలుగు వాక్యాలున్నాయి. అన్నీ కాలేజీలో చేరిన దగ్గర నుంచే. మన ఊరు లేదు, కుండలు చేసే మన సారె చక్రం లేదు, ఆరేళ్ళ వయసులో దీపావళికి నువ్వు ప్రమిదలు చేసిన సంగతీ లేదు. కోపమేమీ లేదులే, కాగితం మీద చోటు చాలలేదేమో.

మర్నాడే నువ్వు ఫోనులో ఏడ్చావు. రెండు నెలలు చేసిన శిల్పం బట్టీలో పేలి ముక్కలైందనీ, ఇక మట్టి ముట్టుకోననీ, ఫైబర్‌తో చేసుకుంటాననీ అన్నావు. ఫోనులో నాకు మాట తొందరగా రాదని నీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

దసరాకు వచ్చినప్పుడు నువ్వు వదిలి వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకంలో పీటర్ వౌల్కోస్ అనే అమెరికా కుమ్మరి చేసిన పనుల ఫోటోలున్నాయి. అవి చూసి మొదట నవ్వుకున్నాను. అలాంటివి కుండలు కాల్చిన ఆవం విప్పిన రోజున నేను గోడ అవతల పారేసే సరుకు. మన వీధి చివర మాష్టారు రెండు సాయంత్రాలు కూర్చుని ఆయన కథ తెలుగులో చెప్పారు. అప్పుడు నవ్వు ఆగింది.

ఆయన 1924లో మోంటానా రాష్ట్రంలో పుట్టాడు. అమ్మానాన్నలు గ్రీసు నుంచి పొట్టచేత పట్టుకుని వెళ్ళినవాళ్ళు. కుర్రతనంలో ఇనుము పోతపోసే కార్ఖానాలో పని, ఆ తర్వాత సైన్యం. సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో చదువుకుంటూ మట్టి పట్టాడు. 1951లో స్నేహితుడు రూడీ ఆటియోతో కలిసి హెలెనా అనే ఊళ్ళో ఇటుకల బట్టీలో చేరాడు. పగలు బట్టీ పని, రాత్రి కుండలు. ఈ మాట దగ్గర మాష్టారిని ఆపి మళ్ళీ చెప్పించుకున్నాను. ఏటా బట్టీలకు వెళ్ళి వచ్చే మన వీధి వాళ్ళకు ఇది చెబితే నమ్మరు.

అప్పట్లో ఆయన చేసినవి బుద్ధిమంతమైన కుండలే. మూతల జాడీలు, సన్నటి మెడలు. బహుమతులు కూడా వచ్చాయి. 1953లో న్యూయార్క్ వెళ్ళి అక్కడి చిత్రకారుల పని చూశాడు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక కుండను కొట్టడం, కోయడం, చీల్చడం మొదలైంది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మనవాళ్ళ సామెత. కుమ్మరి ఏడాది పాటు చేసింది గుదియకర్ర ఒక్క దెబ్బకు పోతుందని. ఈయన ఆ గుదియ కూడా తన చేతికే తీసుకున్నాడు.

నాకు నచ్చింది ఆ కొట్టడం కాదు. కొట్టే ముందు చాలా భాగాలను చక్రం మీదే తీశాడు. తీసి, ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, అతికి, ఆ తర్వాత గాట్లు పెట్టాడు. గోడ ఎక్కడ పల్చగా ఉందో, ఎక్కడ ఎంత బరువు ఆగుతుందో చేతికి తెలియనివాడు అలా కొడితే మొత్తం కూలిపోతుంది. మధ్యలో కొన్నేళ్ళు ఆయనా మట్టి తగ్గించి కంచు పోతపోశాడు. మళ్ళీ మట్టికే వచ్చాడు. 2002 ఫిబ్రవరిలో ఒహాయోలో జనం ముందు తన పని చేసి చూపించిన తర్వాత గుండె ఆగి పోయాడట. అప్పటికి 78 ఏళ్ళు.

ఇంకో సంగతి. 1979 నుంచి ఆయన కట్టెల బట్టీలో కాల్పించాడు. ఎగిరిన బూడిద మట్టి మీద పడి, ఆ వేడికి కరిగి, అదే పూత అయ్యేది. మన ఆవంలో కొబ్బరి మట్ట ఆనుకున్న చోట నల్లమచ్చ పడితే సంతలో పది రూపాయలు తగ్గించి అమ్మేవాణ్ణి. ఆయన ఆ మచ్చ కోసమే రోజుల తరబడి కట్టెలు వేయించాడు. ఎంత నష్టపోయానో చూడు.

ఇక నీ శిల్పం. లోపల గాలి బుడగ ఉండి పేలిందని మీ సార్ అన్నారన్నావు. పెద్ద చదువు చదివినవారు, కాదనను కానీ, నాకు మాత్రం తడి మీదే అనుమానం. నువ్వు చెప్పిన కొలతల ప్రకారం అడుగున నాలుగు వేళ్ళ మందం ఉంది. పైన తెల్లబడితే ఎండినట్టు కాదు. చిన్నప్పుడు నేర్పానుగా, చెంపకు ఆనించి చూడమని. చల్లగా తగిలితే ఇంకా నీరుంది. మీ బట్టీ పన్నెండు వందల డిగ్రీలు దాటుతుంది, మన ఆవం తొమ్మిది వందలు దాటడం కష్టం. కానీ ముప్పు రెండింటికీ నీళ్ళు మరిగే వేడి దగ్గరే. అక్కడ నిదానించాలి. మా నాన్న ఆవం అంటించాక మొదటి జాము పొగ తప్ప మంట కనిపించనిచ్చేవాడు కాదు. లోపల డొల్లగా తొలిచి, అడుగు మందం సగానికి తగ్గించు. మబ్బు రోజుల్లో మరో వారం ఆగు.

సంక్రాంతికి వస్తావుగా. వేసవిలో చెరువు ఎండినప్పుడు తెచ్చిన మట్టి నీ కోసం వసారాలో తడి గోనె కింద ఉంచాను. పేలిన ముక్కలు పారేయకు. ఒక సంచిలో వేసుకుని తీసుకురా. రోట్లో దంచి, జల్లించి, ఈ మట్టిలో కలిపి తొక్కుదాం. కాలిన మట్టి పొడి కలిస్తే ఎండేటప్పుడు కుంచించుకోవడం తగ్గుతుంది, పెద్ద పని పగిలే ముప్పు తగ్గుతుంది. రైల్లో బరువని అక్కడే వదిలేసి రావద్దు.

మీ నాన్న