నర్సింగ్ చేస్తానన్న నా కొడుక్కి

కన్నా,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు "అమ్మా, నేను బీఎస్సీ నర్సింగ్‌లో చేరతాను" అనగానే నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు, కోపం వచ్చిందేమో అనుకుని ఉంటావు. కోపం కాదు నాన్నా. ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, మన ఇంట్లో ఇంకొకరు ఇదే కావాలని అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు, గొంతు పట్టేసింది. ఫోన్లో అన్నీ చెప్పలేనని రాస్తున్నాను, హాస్టల్లో తీరిగ్గా చదువుకో.

నాన్న "మగపిల్లాడికి నర్సింగ్ ఏంటి" అన్నారు. నీ రూమ్మేట్లు కూడా అదే అని నవ్వారన్నావు. చరక సంహితలో వైద్యానికి నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, మందు, రోగి, రోగిని దగ్గరుండి చూసుకునే ఉపస్థాత. ఉపస్థాత అన్న మాట పుంలింగమే. ఆ మనిషికి నాలుగు గుణాలుండాలట, సేవ చేసే తీరు తెలియడం, చేతిలో నేర్పు, రోగి మీద ప్రేమ, శుభ్రత. నేను జీఎన్ఎంలో, అంటే నర్సింగ్ డిప్లొమాలో, నేర్చుకున్నది విప్పి చెబితే ఈ నాలుగే. అటు రోమ్‌లో కామిల్లస్ అనే ఆయన 16వ శతాబ్దంలోనే రోగుల సేవకి మగవాళ్ళతో ఒక సంఘం పెట్టాడు. మగవాళ్ళు ఈ పనికి కొత్త కాదు, మధ్యలో పక్కకి తప్పించబడ్డారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పెట్టిన స్కూలు ఆడవాళ్ళ కోసమే, బ్రిటన్‌లో 1919లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చినప్పుడు కూడా మగ నర్సులని వేరే జాబితాలో రాశారు.

నైటింగేల్ అంటే అందరికీ దీపం పట్టుకున్న బొమ్మే గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆవిడ లెక్కలు ఇష్టం. క్రిమియా యుద్ధం రోజుల్లో, 1854 నవంబరులో 38 మంది ఆడవాళ్ళని తీసుకుని టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి వెళ్తే, అక్కడ గాయాల కన్నా కలరా, విరేచనాలు, టైఫస్ జ్వరంతోనే ఎక్కువమంది పోతున్నారు. ఆసుపత్రి కిందే మురుగు నిలిచిపోయి ఉంది. మరుసటి ఏడాది శానిటరీ కమిషన్ వచ్చి కాలువలు బాగుచేశాక చావులు బాగా తగ్గాయి. ఆవిడ ఇంటికి తిరిగొచ్చాక ఆ అంకెలన్నీ ముందేసుకుని, తన కళ్ళ ముందు పోయినవాళ్ళు ఎందుకు పోయారో లెక్క తేల్చి, రంగుల పటాలు గీసి ప్రభుత్వానికి చూపించింది. మనం కేస్ షీట్లో రాసే ప్రతి బీపీ, ప్రతి టెంపరేచర్ ఆ కోవలోదే, కాబట్టి రాతపని అని విసుక్కోకు.

మన గుంటూరుకీ ఇందులో చరిత్ర ఉంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి వచ్చింది, ఆవిడ కష్టంతో 1898లో ఇక్కడ ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచారు, అదే ఇప్పటి కుగ్లర్ ఆసుపత్రి. ఆడవాళ్ళు మగ డాక్టరుకి చెయ్యి చూపించని రోజుల్లో సంగతి ఇది.

నువ్వు అసలు పని ఎలా ఉంటుందో అడిగావు కదా. నీ చిన్నప్పుడు ఒక నైట్ డ్యూటీలో, ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకటే అటూ ఇటూ కదులుతున్నాడు, వాళ్ళబ్బాయి "నొప్పి అనుకుంటా సిస్టర్, ఇంజెక్షన్ ఇవ్వండి" అన్నాడు. బీపీ మామూలుగానే ఉంది. కానీ చెయ్యి పట్టుకుంటే చల్లగా చెమట, పల్స్ గంట క్రితం కన్నా పెరిగింది, యూరిన్ బ్యాగులో గంటకి 30 మిల్లీలీటర్లైనా రావాలి, అది కూడా రాలేదు. లోపల రక్తం పోతుంటే ముందు పల్స్ పెరుగుతుంది, బీపీ పడిపోయేది ఆ తర్వాతే. నిద్రలో ఉన్న డాక్టర్‌ని లేపాను, ఒకసారి కాదు, రెండుసార్లు. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారు, ఆయన బతికాడు. మందు డాక్టరు రాస్తాడు, కానీ రాత్రంతా రోగి దగ్గర కళ్ళు తెరుచుకుని ఉండేది మనం.

కష్టాలూ చెప్పాలి. నేను మొదట చేరిన ప్రైవేట్ ఆసుపత్రిలో నా ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని, మానేస్తానంటే ఇవ్వలేదు, మీ తాతయ్య నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. నువ్వు ఎవరికీ ఒరిజినల్స్ ఇవ్వకు. నీకు లేబర్ రూం పోస్టింగ్‌లో ఇబ్బందులు ఉంటాయి, కొందరు రోగులు వద్దంటారు, వాళ్ళ మాట గౌరవించి సిస్టర్‌ని పిలువు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం ఆడవాళ్ళకే పెట్టారు, అబ్బాయిలకి మిగిలింది 20. అందుకని నువ్వు ఎక్కువ చదవాలి. ఆ పోస్టులకి పెట్టే నార్సెట్ పరీక్ష రాసి గెలిస్తే, ఏడో పే కమిషన్ లెక్కన జీతం బేసిక్ 44,900తో మొదలవుతుంది.

దారి విషయానికొస్తే, ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు. బైపీసీ చేశావు కాబట్టి నేరుగా బీఎస్సీకే వెళ్ళు. జీఎన్ఎం చేసిన నాలాంటి వాళ్ళు డిగ్రీ కావాలంటే ఇంకో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ చదవాలి, నువ్వు చిన్నపిల్లాడివని నేను ఆగిపోయాను, ఇప్పటికీ ఆ వెలితి ఉంది. బీఎస్సీ అయ్యి ఒక ఏడాది పనిచేస్తే ఎమ్మెస్సీ, ఐసీయూ ఇష్టమైతే క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు. అమెరికాకైతే ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, జర్మనీకైతే ముందు ఆ భాష. అవి తర్వాత చూద్దాం.

కాలేజీ చూసేటప్పుడు బిల్డింగు, బస్సులు చూసి మోసపోవద్దు. నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందా, సొంత ఆసుపత్రిలో కనీసం 100 పడకలున్నాయా, వాటిలో రోగులున్నారా? ఇంతే అడుగు. బెజవాడలో రెండు, గుంటూరులో ఒకటి అనుకున్నాను, పొద్దున పది గంటలప్పుడు వార్డులోకి వెళ్ళి చూద్దాం, స్టూడెంట్లు ఏం చేస్తున్నారో అదే చెబుతుంది.

శనివారం సాయంత్రం బస్సెక్కు. టెన్త్, ఇంటర్ మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు తీసుకురా, జిరాక్సులు ఇక్కడే తీయిద్దాం. నాన్నతో ఆదివారం భోజనాలయ్యాక మాట్లాడదాం, నేను మొదలుపెడతాను, కానీ నీ మాట నువ్వే చెప్పాలి.

అమ్మ