ఫ్యాను తిరిగొచ్చేలోపు

అంబాజీపేట,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ బావా,

ఫోన్లో చెబితే పది నిమిషాల్లో తేలిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. నవ్వకు. ఇక్కడ నాలుగు రోజులుగా ముసురు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి, లంకల వాళ్లు పడవల మీదే తిరుగుతున్నారు. పైగా ఆషాఢం, ఒక్క ముహూర్తం లేదు. కెమెరా బ్యాగు అటకెక్కింది. పని లేని పెళ్లి వీడియోగాడు ఏం చేస్తాడు? పెసరట్టు తిని దెయ్యం సినిమాలు చూస్తాడు.

పోయిన సంక్రాంతికి నువ్వు ‘పారానార్మల్ యాక్టివిటీ’ని తీసిపారేశావు, గుర్తుందా? "తలుపు కదులుతుంది, అంతేగా" అన్నావు. మొదటి భాగం నిజంగా అంతేరా. ఓరెన్ పెలీ అనే ఆయన శాన్ డియాగోలో తన సొంతింట్లోనే సుమారు 15 వేల డాలర్లతో తీసేశాడు. అప్పటి లెక్కన ఆరు లక్షల చిల్లర. ఇవాళ మన దగ్గర ఓ మోస్తరు పెళ్లి భోజనాలకి కూడా చాలవు. మంచం, తలుపు, స్టాండు మీద కెమెరా. జనం హడలిపోయారు.

అసలు చిక్కు రెండో భాగం దగ్గర మొదలవుతుంది. ఒకసారి కదిలిన తలుపు మళ్లీ కదిలితే ఎవడు భయపడతాడు? పైగా కథలోని మనుషులే కెమెరాతో తీసుకున్నట్టు చూపించే ఈ రకం సినిమాలకి పుట్టుకతోనే ఒక రోగం ఉంది. దెయ్యం వెంటపడుతుంటే కెమెరా కింద పారేసి పరిగెత్తక ఇంకా తీస్తాడేంట్రా వీడు, అనిపిస్తుంది. 2010లో వచ్చిన రెండో భాగం దీనికి తేలిక మందు కనిపెట్టింది. ఇంట్లో ఎవరో పడి చిందరవందర చేశారని ఇంటాయన సెక్యూరిటీ కెమెరాలు పెట్టిస్తాడు. ఇక ఎవడూ తియ్యక్కర్లేదు, అవే తీస్తుంటాయి. రాత్రి, వంటిల్లు, మెట్లు, పసివాడి గది, ఈత కొలను. మళ్లీ రాత్రి, మళ్లీ అవే. ఏమీ జరగదు. కొలను శుభ్రం చేసే యంత్రం దానంతటది గట్టెక్కుతుంది, అంతే. ఆ పాటికి మనమే ఆ ఇంటి కాపలావాళ్లమైపోతాం. నిన్న ఈ కుర్చీ ఇక్కడే ఉందా? ఆ తలుపు ఇందాక మూసి ఉందా? ఇలా రాత్రుళ్లంతా మనల్ని మేల్కొలిపి ఉంచి, పట్టపగలు ఇంటావిడ వంటింట్లో ఒక్కర్తే ఉన్నప్పుడు అల్మరా తలుపులన్నీ ఒక్కసారి ఫెడేలున తెరిపిస్తాడు దర్శకుడు. నా చేతిలో టీ లుంగీ మీద పడింది.

కానీ నేను రాయాలనుకున్నది మూడో భాగం గురించి. 2011లో వచ్చింది, కథ మాత్రం 1988లో జరుగుతుంది. అందులో కెమెరా పట్టేవాడు ఎవరనుకున్నావు? మనవాడేరా, పెళ్లి వీడియోలు తీసేవాడు! అందుకే వాడు కెమెరా ఎందుకు వదలడని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. మన పాత గురువుగారు పందిరి కూలుతున్నా రికార్డింగ్ ఆపలేదు కదా.

వాడి దగ్గర కెమెరాలు తక్కువ, చూడాల్సిన గదులు ఎక్కువ. ఏం చేశాడంటే, టేబుల్ ఫ్యాను రెక్కలు ఊడదీసి, అటూ ఇటూ తిరిగే దాని మీద కెమెరా బిగించాడు. ఇటు హాలు, అటు వంటిల్లు. అంతేరా సినిమా! హాల్లో ఏదో ఉందని మనకి అనుమానం తగిలిన క్షణానికి ఫ్యాను మెల్లగా వంటింటి వైపు తిరిగిపోతుంది. "ఆగవే తల్లీ" అనుకుంటాం. అది ఆగదు. దానికి కంగారు లేదు, జాలి లేదు. గోడంతా మెల్లగా చూపించుకుంటూ వెళ్లి, మళ్లీ అదే నడకతో వెనక్కొస్తుంది. ఆ వెళ్లిరావడంలో మన బుర్ర చేసే పని ఏ గ్రాఫిక్సూ చెయ్యలేవు.

పిల్లల్ని చూసుకోడానికి వచ్చిన అమ్మాయి బల్ల దగ్గర కూచుని ఉంటుంది. వెనకాల తెల్ల దుప్పటి కప్పుకున్న ఆకారం. చిన్నపిల్లల ఆట దెయ్యంలా ఉంటుంది చూడ్డానికి, నవ్వొస్తుంది కూడా. ఆమె వెనక్కి తిరిగేసరికి దుప్పటి చప్పుడు లేకుండా నేలమీద కూలిపోతుంది. లోపల ఎవరూ లేరు. ఇంకోచోట తల్లి వంటింట్లోకొస్తే సామానంతా మాయం. ఆమె తెల్లబోయి నిలబడుతుంది, ఫ్యాను మాత్రం తన దారిన తను తిరుగుతుంది. కాసేపటికి సామాను మొత్తం కప్పు మీంచి ధడేలుమని పడుతుంది. మధ్యలో ఎక్కడా వాయిద్యాల హోరు లేదు. మన దెయ్యం సినిమాల్లో గజ్జెల చప్పుడు ముందే వచ్చి "చెవులు మూసుకోండి బాబూ" అని దండోరా వేస్తుంది కదా, ఇక్కడ ఆ సాయం కూడా లేదు.

ఇంకో ఎత్తు ఉంది. కథ వెనక్కి జరిగింది కాబట్టి, ఈ ఇంట్లో పిల్లలైన అక్కాచెల్లెళ్లిద్దరూ పెద్దయ్యాక ఏమవుతారో మొదటి రెండు భాగాల్లోనే చూసేశాం. చిన్నది గదిలో ఎవరూ లేనిచోట ఎవరితోనో కబుర్లు చెబుతుంటే మనకి ముద్దు రాదు, కడుపులో దేవుతుంది. ఆఖర్లో ఆ అమ్మమ్మగారింటి గొడవ మాత్రం నాకు నచ్చలేదు. కెమెరా చేత్తో పట్టుకుని పరుగులు, అంతా ఊపుడే. ఫ్యాను పక్కన పెట్టేయగానే బిగి సడలిపోయింది.

ఇక నా ఘనకార్యం విను. మన సావిట్లో పాత టేబుల్ ఫ్యాను ఉందిగా, దాని రెక్కలు ఊడదీసి, మోటారు మూత మీద నా ఫోను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి రాత్రంతా వదిలేశాను. ఇటు వీధి గుమ్మం, అటు పెరటి తలుపు. పొద్దున్నే అమ్మ తిట్లు: "రాత్రి వాన జల్లు కొడుతోందని కిటికీలు వెయ్యడానికి లేచాను, నీ ఫ్యాను తగిలి పడబోయానురా!"

తర్వాత కూచుని వీడియో చూశాను. గంటల కొద్దీ గుమ్మం, తలుపు, గుమ్మం, తలుపు. మోటారు రొద. ఓసారి పిల్లి. ఓసారి కొబ్బరి మట్ట ధబ్బుమని పడింది, నేను ఎగిరిపడ్డాను. ఆ తర్వాత కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది, ఫోను మాత్రం పెరటి తలుపు వైపే చూస్తూ చీకట్లో రికార్డవుతూనే ఉంది. వాన చప్పుడు. ఇంతలో వెనకాల, కెమెరాకి కనబడని వైపు, గాజులు కదిలాయి. ఒక అడుగు. ఇంకో అడుగు.

ఆమె మా అమ్మే. పొద్దున్నే తనే చెప్పింది. అయినా చెబితే నమ్మవు, వీడియో ఆపేసి లైటు వేసి, వంటింట్లోకెళ్లి అమ్మ పక్కన నిలబడ్డాను. "ఏంట్రా, ఇంకోసారి టీ కావాలా?" అంది.

వీడియో అలాగే దాచాను. దసరాకి వస్తావుగా, సావిట్లోనే చాప వేసుకుని చూద్దాం. అమ్మ నీకు పూతరేకులు తెప్పిస్తానంది. నువ్వు మాత్రం పెరటి తలుపు వైపు కూచోవాలి.

ఉంటానురా,
నీ వీడియోగాడు