ట్రేడ్ లైసెన్సు ఉంటే పేరు మీదైపోదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ వ్యాపారం పేజీలో ట్రేడ్‌మార్కుల మీద వచ్చిన వ్యాసం ఆలస్యంగా చూశాను. పక్కవాడు మీ పేరు కొట్టేస్తే తప్పు మీదేనట, ముందే రిజిస్టర్ చేయించుకోవాల్సిందట. చిన్న వ్యాపారికి నీతులు చెప్పడం ఎంత తేలికో!

దిల్‌సుఖ్‌నగర్‌లో మా మేనల్లుడికి పచ్చళ్ల దుకాణం ఉంది. అదే వీధిలో ఇంకొకాయన అదే పేరు, అదే పసుపు బోర్డు, అవే ఎర్ర అక్షరాలతో దిగాడు. పేరుకు ముందు ఆవగింజంత ‘న్యూ’. రోడ్డు మీద నుంచి చూస్తే అది కనబడదు, కనబడకూడదనే కదా ఆ సైజు! అక్కడ కొన్న గోంగూరకు బూజు పట్టిందని ఒకావిడ సీసా పట్టుకొచ్చి మావాడితో పోట్లాడింది.

నిలదీస్తే ఆయన ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ సర్టిఫికెట్ తీసి చూపించాడు. మావాడి దగ్గరా అవే ఉన్నాయి. ఆ రెండింటిలో ఏదీ పేరు మీద హక్కు ఇవ్వదు. కంపెనీ పేరు రిజిస్టర్ అయినా అంతే. ఫీజు కట్టించుకునేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు, మీ వ్యాసమూ చెప్పలేదు.

రిజిస్ట్రేషన్ లేకపోతే ఇక దిక్కే లేదన్నట్టు రాయడం మరీ అన్యాయం. 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలో 27వ సెక్షన్ రిజిస్టర్ కాని పేరుకు కూడా ‘పాసింగ్ ఆఫ్’ దావా, అంటే తన సరుకును మన సరుకని నమ్మించి అమ్మేవాడి మీద వేసే దావా, దారి ఉంచింది. 34వ సెక్షన్ ప్రకారం, మొదటి నుంచీ వాడుతున్నవాణ్ని తర్వాత వచ్చి రిజిస్టర్ చేయించుకున్నవాడు ఆపలేడు. కాకపోతే రుజువు కావాలి. పాత బిల్లు పుస్తకాలు, లేబుళ్లు, కరపత్రాలు దాచుకోవాలి. మనవాళ్లేమో దసరాకి దుకాణం కడిగినప్పుడల్లా వాటిని పాత పేపర్లవాడికి వేసేస్తారు.

రిజిస్ట్రేషన్ వద్దని నేననను, అది ఉంటే కోర్టులో సగం బాధ తప్పుతుంది. ఆన్‌లైన్‌లో చిన్న వ్యాపారికి క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ క్లాసు, మసాలా పొడులు 30వ క్లాసు, రెండూ అమ్మితే రెండు ఫీజులు. దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో పడ్డాక అభ్యంతరాలకు 4 నెలల గడువు. రిజిస్ట్రేషన్ వస్తే దరఖాస్తు తేదీ నుంచి 10 ఏళ్లు, ఆపైన రెన్యువల్. ఇంతమాత్రం చెప్పడానికి మావాడు కలిసిన కన్సల్టెంటు ప్రభుత్వ ఫీజుకు రెట్టింపు అడిగాడు. పైగా దరఖాస్తు పెట్టిన మర్నాడే సీసాల మీద వలయంలో ఆర్ గుర్తు వేసేయమన్నాడు! రిజిస్టర్ కాకుండా అది వేయడం చట్టవిరుద్ధం. అప్పటిదాకా టీఎం అనే వేసుకోవాలి.

స్టార్టప్‌ల రాజధాని అని చెప్పుకునే హైదరాబాద్‌లో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ, అంటే వాటిని రిజిస్టర్ చేసే ఆఫీసు, లేదు. ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై, అహ్మదాబాద్‌లలోనే ఉన్నాయి, మనం చెన్నై కింద. హలీంకు 2010లో జీఐ (ఫలానా ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చిందని ఇప్పటికీ కాలరెగరేస్తాం గానీ, ట్రేడ్‌మార్కుల ఆఫీసు ఇక్కడ పెట్టమని అడిగే నాయకుడు మాత్రం నాకు కనబడలేదు.

ఆ రెండు సెక్షన్ల సంగతి మీ పేజీలో వేయండి. వ్యాసం కిందే ‘ఒక్క రోజులో ట్రేడ్‌మార్క్ గ్యారంటీ’ అని వేశారే ప్రకటన, అది మాత్రం మళ్లీ వేయకండి.

- ఒక పాఠకుడు, హైదరాబాద్