ఫోన్లో ఆపద వస్తే మా పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. పదహారేళ్లలోపు పిల్లల్ని సోషల్ మీడియాకు దూరంగా ఉంచే చట్టం గురించి ఆలోచిస్తున్నామని 2026 జనవరిలో దావోస్‌లో మీరు చెప్పినప్పుడు మా స్టాఫ్ రూములో చాలామంది హమ్మయ్య అనుకున్నారు. ఆస్ట్రేలియాలో అలాంటి చట్టం 2025 డిసెంబర్ 10 నుంచి అమల్లో ఉంది కదా, ఇక్కడా కుదురుతుందని వాళ్ల ఆశ. చట్టం తెస్తే సంతోషమే. కానీ అది వచ్చేలోపూ, వచ్చిన తర్వాతా మా పిల్లలకు ముందుగా కావలసింది ఇంకొకటి ఉంది. ఫోన్లో ఏదైనా జరిగితే దెబ్బలు తినకుండా, చదువు పోగొట్టుకోకుండా చెప్పుకోగలిగే పెద్దదిక్కు.

మా ఊళ్లలో ఫోన్ తండ్రిది, సిమ్ తండ్రి పేరు మీద ఉంటుంది. జీమెయిల్, ఇన్‌స్టాగ్రామ్ మాత్రం ఫోన్ కొన్న షాపులోనే పెట్టించుకుని వస్తారు. పుట్టిన తేదీ దగ్గర షాపు కుర్రాడు తోచిన సంవత్సరం నొక్కేస్తాడు. పాస్‌వర్డ్ అతనికి తెలుసు, ఇంట్లో ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంటుంది 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. తండ్రి ఫోన్లోంచి ఆ అనుమతి నొక్కేది పిల్లలే. దేశంలోని పల్లె పిల్లల చదువు మీద జరిగే అసర్ సర్వే 2024లో చెప్పిన ప్రకారం పల్లెల్లో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సోషల్ మీడియా వాడేవాళ్లలో ప్రొఫైల్‌ను ప్రైవేట్‌గా మార్చుకోవడం తెలిసినవాళ్లు 55 శాతమే.

నాకు తెలిసిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి సంగతి చెబుతాను. జెండా పండుగ గ్రూపు ఫోటోలోంచి ఎవరో ఆమె ముఖం కత్తిరించి, ఏఐ యాప్‌తో ఒంటి మీద బట్టల్లేనట్టు తయారుచేసి, ఆమె పేరుతోనే ఖాతా తెరిచారు. ఐదు వేలు పంపకపోతే మీ నాన్నకు పంపుతామని మెసేజ్. ఆ పిల్ల కొన్నాళ్లు బడికి రాలేదు. వచ్చిన రోజు నా దగ్గర నిలబడి, “టీచర్, మా నాన్నకు తెలిస్తే బడి మానిపిస్తాడు. ఆ ఫోటో నాది కాదని ఎట్లా చూపించాలి?” అంది. అప్పటికే భయంతో మెసేజ్‌లు సగం చెరిపేసింది. గొడవెందుకు, బడి పరువు పోతుంది, ఊరుకోబెడదాం అన్న పెద్దలూ ఉన్నారు.

అలా ఊరుకోబెట్టడం నేరం. ఇలాంటిది తెలిసి పోలీసులకు చెప్పకపోతే లైంగిక వేధింపుల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం శిక్ష ఉంది. ఆ చట్టంలోనే పిల్లల వైపు నిలబడే నిబంధనలూ ఉన్నాయి. బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ రావాలి. పేరు బయటికి రాకూడదు. ఇవి తెలియకే ఆ తండ్రిలాంటివాళ్లు స్టేషన్ పేరెత్తితే వణికిపోతారు. బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్లు, ఖాతా లింకు దాచుకోవాలని, ఒకసారి డబ్బు పంపితే మళ్లీ అడుగుతారని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చని, డబ్బు పోతే 1930కి, పిల్లలకు కష్టం వస్తే 1098కి ఫోన్ చేయాలని ఎంతమంది టీచర్లకు తెలుసు? ఫోటో మన ఫోన్ దాటి వెళ్లకుండానే, దాని డిజిటల్ గుర్తును బట్టి ఆ సేవలో చేరిన సైట్లు, యాప్‌లలో తొలగించడానికి సాయపడే ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ పద్దెనిమిదేళ్లలోపు వయసు ఫోటోల కోసమే ఉంది. మా బడిలో ఆ పేరు విన్నవాళ్లు లేరు.

మగపిల్లలకూ చెప్పాలి. ఇలాంటి బొమ్మ తయారుచేయడమే కాదు, సరదాకి ఫార్వర్డ్ చేసినా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరమే. పదో తరగతి పరీక్షలు రాయాల్సిన కుర్రాడు పిల్లల మీద వచ్చే నేరాల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి వస్తుంది.

మీరు 2024 డిసెంబర్ 7న మొదలుపెట్టిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు కూలి పని మానుకుని వచ్చే తల్లులున్నారు. ఈసారి అందులో ఒక అరగంట ఫోన్‌కు ఇవ్వండి. ఉపన్యాసం వద్దు. ఎవరి ఫోన్ వాళ్ల చేతిలో పట్టుకుని పాస్‌వర్డ్ మార్చుకోవాలి, పిల్లల ఖాతాలో అసలు వయసు పెట్టాలి, ప్రొఫైల్ ప్రైవేట్ చేయాలి. చెప్పుకున్న బిడ్డను కొట్టం, చదువు మానిపించం అని ఆ తల్లిదండ్రుల చేత అక్కడే అనిపించాలి. నా దృష్టిలో మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం. శనివారం నో బ్యాగ్ డేలో ఒక పీరియడ్ పిల్లలకు ఇవ్వండి. ప్రతి హైస్కూల్లో ఇద్దరు టీచర్లకు, అందులో ఒకరు మహిళ అయ్యేలా, శిక్షణ ఇప్పించండి. ఫిర్యాదు వచ్చిందంటే బడికి చెడ్డపేరు అని ఏ అధికారీ అనకుండా ఉత్తర్వు ఇవ్వండి. పిల్లల ముఖాలు గుర్తుపట్టేలా ఉన్న బడి ఫోటోలు అందరూ చూసే పేజీల్లో పెట్టవద్దని కూడా అందులో రాయండి.

ఆ అరగంటలో ఏం చెప్పాలో తెలుగులో రాసిన రెండు పేజీలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ కార్యాలయం అడిగితే పంపుతాను. మా బడిలో ఆ అరగంట నేనే చెబుతాను.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ ఉపాధ్యాయురాలు